సముద్రం కనపడని బడి

రేపల్లె పాసింజరు తెనాల్లో ముప్పావుగంట ఆగింది.
అంతసేపూ చార్టుని నిలువుగానే పట్టుకున్నాం,
పడుకోబెడితే డచ్చివాళ్ళ ఓడ మడత పడుద్దని.

గుంటూరు. ఏసీ హాలు.
జిల్లాలు విడగొట్టాక మేం బాపట్ల వాళ్ళమయ్యాం గానీ
పాత జిల్లా బళ్ళన్నిటినీ పిలిచారు.
మీ బడి, మీ ఊరు, మూడు నిమిషాలు.

మా ముందు బడికి ప్రొజెక్టరుంది,
డ్రోను తీసిన ఆటస్థలముంది, మెడలో టై ఉంది.
మాకు మోపిదేవి గొంతుంది.
ఎదురుగాలిలో నాన్నని పిలిచి పిలిచి పెరిగిన గొంతు.
మైకు దగ్గర వాడు నోరు తెరవగానే
నిద్రపోతున్న జడ్జీ ఒకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మాది నిజాంపట్నం. ఒకప్పుడు పెద్దపల్లి.
తెల్లవాళ్ళ నోట్లో పడి పెటపోలి.
నాలుగొందల ఏళ్ళ కిందట మా గుడ్డల కోసం ఓడలొచ్చాయి.
మా చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకీ దిగేది కాదు."

సోషల్ సారు రాసిచ్చింది అక్కడికి సరి.
మిగతాది మేం రాసుకున్నది.
చెప్పాల్సిన కరీమున్నీసా చార్టు వెనక దాక్కుంది,
కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి.
అందుకని నేనందుకున్నా.

అయ్యా, మా బడి కిటికీల్లోంచి సముద్రం కనపడదు.
మధ్యలో రొయ్యల చెరువులు,
తర్వాత మడ అడవి, తర్వాత మోకాలి బురద,
ఆ తర్వాత అది.
వాసనగా వస్తుంది బళ్ళోకి, రెండో పీరియడ్‌కి, గాలి తిరిగాక.

హాజరు పట్టీలో కూడా కనపడుద్ది.
అమావాస్య పోటుకి తొమ్మిదో తరగతి వెనక బెంచీ ఖాళీ.
లెక్కల మేడం ఆబ్సెంటు వెయ్యదు,
పెన్సిలుతో చిన్న అల గీస్తుంది.
తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే రబ్బరుతో చెరిపేస్తుంది.
(ఇది చెప్పకూడదేమో. చెప్పేశా.)

మా బోరు నీళ్ళతో బోర్డు కడిగితే
ఆరాక తెల్లగా ఉప్పు మిగులుద్ది.
ఎప్పుడో తుడిచేసిన పాఠం
ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

తుపానొస్తే ఊరంతా మా బళ్ళోనే పడుకుంటుంది.
ఏ గదిలో ఎవరి కుటుంబమో అందరికీ తెలుసు.
ఆరో తరగతి బి సెక్షన్లో, రెండు బల్లలు కలిపి,
ఓ రాత్రి ఒక పిల్ల పుట్టింది.
పదకొండేళ్ళకి అదే గదిలో చేరింది.
ఇదిగో, ఈ చార్టు వెనక కాళ్ళు ఆ పిల్లవే.

హాలంతా నవ్వింది.
కరీమున్నీసా బయటికి రాక తప్పలేదు.

కళ్ళజోడు ఆయన అడిగాడు:
"అమ్మాయ్, ఆ చిరివేరు ఏదీ? తెచ్చారా?"

"లేదండీ.
ఊరంతా తిరిగాం. ఆ మొక్కని గుర్తుపట్టేవాళ్ళు
మాకెవరూ దొరకలా.
మా నానమ్మ ఇసకలో ఏదో పీకి ఇదేనంది,
మర్నాడు కాదంది."

ఆగింది. గుటక మింగింది.

"ఓడల పేర్లు దొరికాయండీ. దొరల పేర్లు దొరికాయి.
గుడ్డ నేసినాళ్ళ పేరు, అద్దినాళ్ళ పేరు,
ఏట్లో జాడించి ఇసకలో ఆరేసినాళ్ళ పేరు
ఒక్కటి దొరకలా.
అందుకే మా పేర్లు కింద పెద్దగా రాసుకున్నాం.
ఓడకంటే పెద్దగా.
సారు తిట్టారు."

గంట కొట్టారు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి.

మొదటి బహుమతి టై వాళ్ళకే.
మాకు ప్రోత్సాహక బహుమతి, గోడ గడియారం.
రైల్లో మోపిదేవి దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు.
ఓడ తెరచాప దగ్గర మడత పడనే పడింది.
ఎవరం పట్టించుకోలేదు.

చీకట్లో టిక్కుటిక్కుమంటుంటే
కరీమున్నీసా అంది, ఆరు బి లో తగిలిద్దామని.
తగిలిద్దాం.
పోటుకి మాత్రం దాంతో పనిలేదు.
రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తుంది అది.
దానికెవరూ ఆబ్సెంటు వెయ్యరు.