చిల్లర బేడ

నారాయణపేట డిపో, రాయచూర్ బస్సు.
కండక్టర్‌గ చేరిన మొదటి వారం.
మాగనూర్ల ఎక్కిన ముసలాయన
నోటు చేతుల పెట్టి
'చిల్లర బేడ' అన్నడు.

బేడంటే రెండణాలు,
మా తాత నోట విన్న లెక్క.
చెల్లని రెండణాలు ఏడికెల్లి తెచ్చియ్యాలె?
తోలుసంచి అడుగుదాంక కెలికిన.
బస్సు బస్సంత నవ్వింది.
వద్దంటున్నడయ్యా, చిల్లర వద్దంటున్నడు.

పిల్లను చూసెతందుకు శక్తినగర్ పోయిన రోజు
వాకిట్ల పిలగాడు 'యారూ ఇల్ల' అన్నడు.
ఎవరి యారు ఇల్లో ఏమో, తప్పొచ్చినమని
మా చిన్నాయన చెప్పులేసుకున్నడు.
ఎవ్వరూ లేరని వాని మాట.
మేము ఇల్లు అన్నదాన్ని
ఏరు దాటితే లేదు అంటరు.
ఆ ముక్క నాకు నవ్వు రానియ్యలే.

పెండ్లయినంక అత్త శంకరవ్వ
గడప దాటకముందే 'ఊట ఆయ్తా' అని అడిగేది.
నాకు ఊటంటే ఇసుక తోడితే చెలిమెల ఊరే నీళ్లు.
ఆమెకు అన్నం.
కరువేడు మాత్రం ఇద్దరికీ ఒకటే మాటయింది:
బోర్ల ఊట లేదు, కుండల ఊట లేదు.

మొదటి బంతిల ఆమె గంటె ఎత్తి 'సాకా?' అంటే
సాకులు చెప్తున్ననని ఎత్తిపొడుస్తున్నదేమోనని
నోరు మూసుకొని తిన్న,
నాలుగు రొట్టెలు, ఐదు, ఆరు.
చాలా అని అడిగిందట.
మహాదేవి అర్ధరాత్రి చెప్పి
దిండుల మొఖం దాచుకొని నవ్వింది.

ముందు సీటు శరభయ్య సారుది.
రిటైరైనా పాసు వదలడు.
మా పాలు వాళ్ల హాలు, మా పులి వాళ్ల హులి,
మన 'ప' బ్రిడ్జెక్కంగనే
పెదవులు విడిచి ఒట్టి ఊపిరైతదిరా అనేటోడు.
వెనుకట వాళ్లూ పాలే అన్నరట.
'మరి పాలమూరును హాలమూరనాలె గద సార్?'
సారు అద్దాలు తుడుచుకున్నడు.
'నాలుక జర మడతపడితే హాళు అయితది, జాగ్రత్త.
హాళంటే పాడుబడ్డది.'
కిటికీ బయట
తాళాలేసిన ఇండ్లు పోతున్నయి, ఒకటెనుక ఒకటి.

బామ్మర్ది హన్మేషు గుంపుల పోయిండు.
మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిండు, లారీ ఎక్కించిండు.
మేస్త్రీ అన్నది ఓడలల్ల వచ్చిన పోర్చుగీసు మాటంట,
ఆడ గురువని అర్థమంట.
ఈ గురువు ఏం నేర్పిండో నాకెరికే:
వాళ్ల భాషల కల్లంటే రాయి.
పొద్దంత ఆ కల్లు కొట్టుడు,
మాపటికి మన కల్లు తాగుడు,
తెల్లారితే మళ్ల ఆ కల్లు.

ఏడాదికి ఫోన్లు బందయినయి.
మేస్త్రీని రాయచూర్ స్టాండుల పట్టుకొని
హన్మేషు ఏడి అన్న.
'ఇల్ల' అన్నడు.
ఇన్నేండ్ల సంది రెండు ఒడ్లు తిరిగినోన్ని,
అయినా ఒక్క క్షణం
ఇల్లు చేరిండనుకున్న.
ఆ ఒక్క క్షణం సంతోషానికి
ఇప్పటికీ సిగ్గుపడుత.

శంకరవ్వ దవాఖానల మంచం దిగలే.
తల్లి లేని మనుమరాలి చెయ్యి వెతికి
నా చేతుల పెట్టి
'సాకు' అన్నది.
మల్ల మాట్లాడలే.

బతుకు చాలన్నదో, పిల్లను సాకమన్నదో.
మహాదేవి ఒకటంటది, నేనొకటంట.
వాళ్ల భాషల గూడ రెండర్థాలూ ఉన్నయని
శరభయ్య సారు చెప్పిండు.
చెప్పి, కిటికీ దిక్కు తిరిగిండు.
ఆ రోజు టికెట్లు కొట్టుడు మరిచి
చెకింగోళ్లకు దొరికిన.
ఏం సాకు చెప్పాలె?

భాగ్యకు ఇప్పుడు ఎనిమిదేండ్లు.
నన్ను మామా అంటది,
ఆ మాట రెండు ఒడ్లకూ ఒకటే, టికెట్ లేదు.
రాత్రి బువ్వ కాడ
కంచం మీద రెండు చేతులు అడ్డం పెట్టి
సాకు మామా, సాకు అని మొత్తుకుంటది.

నేను తెలుగుల విని
ఇంకో గంటె వేస్త.