కింది వరస

రాత్రి రెండున్నరకి గ్రిమ్స్‌బీ గాలి
కిటికీ సందులోంచి చేపల రేవు వాసన మోసుకొస్తుంది.
వార్డులో దీపాలు సగం తగ్గించారు.
పదకొండో మంచం మీద మిస్టర్ బ్లాంచర్డ్
మూడు దిండ్లకి ఆనుకుని
ఒక్కో ఊపిరినీ మెట్టు మెట్టుకీ మోసుకుంటూ ఎక్కిస్తున్నాడు.
పక్కటెముకల మధ్య నుంచి గొట్టం,
గొట్టం చివర సీసా,
సీసాలో విరిగిన గంజిలాంటి చీము.

ఐదో రోజు ల్యాబ్ నుంచి కబురొచ్చింది:
ఇది వీధిలోంచి వచ్చిన జబ్బు కాదు,
చిగుళ్ళ కింద కాపురముండే జాతి.
ఏదో నిద్రలో, ఉమ్మి వెంట దిగి
ఊపిరితిత్తి గడప దాటింది.

"పళ్ళ డాక్టర్ని చూసి ఎన్నాళ్ళయింది?"
రౌండ్స్‌లో పెద్ద డాక్టరమ్మ అడిగింది.
ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు ఆగాక తొమ్మిది వేళ్ళు చూపించాడు.
నెలలనుకుంది ఆవిడ.
ఏళ్ళు.

ఊళ్ళో ఏ క్లినిక్కూ కొత్త పేరు రాసుకోవట్లేదట.
ఫోన్లో ఆగమని వాయించే ట్యూను
ఆయనకి కంఠతా వచ్చేసిందట.
పోయిన చలికాలం షెడ్డులో నిలబడి
పటకారుతో దవడపన్ను తనే లాగాడు.
సగం వచ్చింది.
అప్పు తీరింది, వడ్డీ చిగురులో మిగిలింది.

నేను చేయాల్సిన పని చాలా చిన్నది.
మంచం తలవైపు ఎత్తాలి.
మెత్తటి బ్రష్షు, బఠాణీ గింజంత పేస్టు,
చిగురు అంచు వెంట నెమ్మదిగా,
చివర్లో పెదవులకి తడి.
తర్వాత చార్టులో ఒక గడి నింపాలి.
నా ముందు షిఫ్టులో ఆ గడి ఖాళీ,
దాని ముందు షిఫ్టులోనూ.
ఎవర్నీ తప్పుపట్టను. ఇరవై ఎనిమిది మందికి
ఒక్కో రాత్రి ముగ్గురమే ఉంటాం.
సెలైన్ అయిపోతే గంట మోగుతుంది.
పళ్ళు తోమకపోతే ఏదీ మోగదు.

పన్నెండో మంచం మనిషి ఆదివారం పోయాడు.
ఆయన నోరెలా ఉండేదో నాకు తెలీదు.
చూడలేదు.

"కొంచెం తెరవండి, మిస్టర్ బ్లాంచర్డ్."
టార్చి వేస్తాను.
ఈ సందులన్నీ నాకు తెలిసినవే.
కింది వరస, ఎడమవైపు ఆరోది, విరిగిన మొద్దు.
దాని పక్కన ఊగే గుంజ.
చిగురు నేరేడు రంగు.
ఏలూరులో, పవర్‌పేటలో, నా కుర్చీలో అయితే
ఇరవై నిమిషాల పని.
అక్కడ నా పేరుకి ముందు డాక్టరుండేది,
ఇక్కడ బ్యాడ్జీ మీద పేరు కింద సహాయకురాలు.
పరీక్ష సీట్లు నిమిషంలో అయిపోతాయి.
రెండుసార్లు నేను ఆలస్యం, మూడోసారి తెర గడ్డకట్టింది.
పళ్ళ డాక్టరు దొరకని మనిషికీ
పన్ను ముట్టే అనుమతి దొరకని నాకూ
మధ్య ఈ బ్రష్షొకటి.

నోరు మంచిదైతే ఊరు మంచిది,
కుర్చీలో భయపడేవాళ్ళకి నేను చెప్పే జోకు అది.
నిజం చెప్పాలంటే అక్కడ కూడా
నేను దవడ దాకానే చూశాను.
దగ్గుతూ వచ్చిన వాళ్ళని
దగ్గు తగ్గాక రమ్మని పంపేశాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
"నువ్విది ఇంతకుముందు చేశావు," అన్నాడు, ప్రశ్నలా కాదు.
"కొంచెం," అన్నాను.
గిన్నెలో ఉమ్మాడు, గులాబీ రంగు నురగ.
మళ్ళీ తెరిచాడు, అడక్కుండానే.

తెల్లారుజామున చార్టు తీసి
ఎడమ కింది ఆరు, వేరు మిగిలి ఉంది, చీము అనుమానం
అని రాశాను.
రాయాల్సింది నేను కాదని గుర్తొచ్చింది.
ఇక్కడ పొరపాటుని చెరపకూడదు, కాగితం చింపకూడదు;
ఒకే ఒక్క గీత, కింది అక్షరాలు కనిపించేలా,
పక్కన పొట్టి సంతకం.
గీత కొట్టాను.
చాలా సన్నగా.
నోరు శుభ్రం చేశాను అని కింద రాసి
పెద్ద డాక్టరమ్మ వచ్చే దారిలో
చార్టు తెరిచే పెట్టి వెళ్ళాను.