ఎడమ సీటు

ఊలాన్‌బాతర్ చివర పాత కార్ల సంత.
మార్చి నెల, మైనస్ పంతొమ్మిది.
మా మేనల్లుడు ముంఖ్‌జార్గల్ కళ్ళన్నీ
ఆ తెల్ల లాండ్‌క్రూజర్ మీదే.
"అత్తా, నీ మొహం కనిపిస్తోంది చూడు తలుపులో!"
మొహం చూసుకోడానికి రాలేదురా అని
కింద వెల్లకిలా పడుకుని చూశాను.
చాసిస్ పొడవునా కొత్త నల్లరంగు, ఇంకా వాసన పోలేదు.
గోటితో గీకితే
పుండు మీది చెక్కులా ఊడొచ్చింది తుప్పు.
కురుపు మీద పౌడరద్దుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళని
ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను.
లేచి మంచు దులుపుకున్నాను.

డెలికా మూలన ఉంది.
తొంభై ఆరు మోడల్, డీజిలు,
పైన బూడిదరంగు, కింద ఆకుపచ్చ,
అందమని ఎవరూ అనరు.
బ్యాంబదోర్జ్ ఓ మడతల కాగితం చేతిలో పెట్టాడు,
జపాన్‌లో వేలం వేసిన నాటిది.
ఎవరో కారు బొమ్మ గీసి
ఒంటి నిండా అక్షరాలు గుచ్చారు.
ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, ఎస్ అంటే తుప్పు,
పక్కన అంకె, ఎంత ముదిరిందో చెప్పడానికి.
నాకెవరూ నేర్పక్కర్లేదు.
మా ఆరోగ్యకేంద్రంలోనూ ఇదే కాగితం,
బొమ్మ మాత్రం మనిషిది.

ఇంజను వేడి చేసి ఉంచొద్దు, చల్లగానే చూడాలి
అని ముందురోజే ఫోన్లో చెప్పాను.
చెయ్యి పెట్టి చూశాను. రాయిలా ఉంది.
మాట మీద నిలబడ్డాడు,
ఇలాంటివాడితో బేరమాడటం పాపం అనిపించింది.
అయినా ఆడాను.

రేడియేటర్ మూత తీయించి తాళం తిప్పమన్నాను.
బుడగలు రాలేదు.
సంచీలోంచి స్టెతస్కోపు తీసి ఇంజనుకి ఆనిస్తే
సంతంతా నవ్వింది, నవ్వనీ.
ముసలిదే, గొంతులో కాస్త గరగర,
గుండె మాత్రం తాళం తప్పడం లేదు.
గేరు పక్కనున్న పొట్టి కడ్డీని లాగాను.
కాసేపు మొండికేసి, టక్కున కూర్చుంది.
నాలుగు చక్రాలూ మంచులో ఒకేసారి పట్టు దొరకబుచ్చుకున్నాయి.

లోపల ఓ ఆడగొంతు జపనీస్‌లో ఏదో అంది,
ఎంత మర్యాదగానో.
"కార్డు పెట్టలేదంటోంది," అన్నాడు బ్యాంబదోర్జ్,
"వాళ్ళ టోలుగేటు కార్డు. రోజూ అంటుంది, పట్టించుకోకండి."
తెర మీద బాణం గుర్తు తెల్లటి ఖాళీలో నిలబడి ఉంది.
దాని లెక్కలో మంగోలియా లేదు.
కోటీ ముప్పై లక్షలన్నాడు,
కోటీ పదకొండు దగ్గర చేతులు కలిపాం.
మేకల ఉన్ని డబ్బు, ఇంకా దువ్వని ఉన్నిదీ కలిపి.

స్టీరింగు కుడివైపని తెలుసు, తెలిసే కొన్నాను.
తెలియనిది నూట ఎనభయ్యో కిలోమీటరు దగ్గర తెలిసింది.
ముందు గడ్డిమోపుల లారీ,
పడమటికి, పశువులు చచ్చిపోతున్న వైపుకి.
నాకు కనిపించేది గడ్డి ఒక్కటే.
ఎదురుగా వచ్చేది కనబడాలంటే
ఎడమ సీట్లో ఉన్నవాడికే కనబడాలి.
"చూడరా!"
ముంఖ్‌జార్గల్ అద్దానికి చెంప ఆనించి,
"ఆగు... ఆగు అత్తా... ఇప్పుడు!"
నా పాత రష్యా బండిలో
ఇరవై ఆరేళ్ళు ఎవరినీ ఏదీ అడగలేదు నేను.

వాడు చదువుకోడానికి నగరానికి తిరిగెళ్ళాడు.
ఇప్పుడు ఆ సీట్లో ఎవరుంటే వాళ్ళనే అడుగుతాను:
పాముకాటువాణ్ణి, పంటినొప్పిని,
నొప్పుల మధ్య ఊపిరి తీసుకుంటున్న సారంగువా అత్తగారిని.
ఆవిడ మహా జాగ్రత్త మనిషి, గద్ద కనబడినా ఆగమంటుంది.

నిన్న చెయ్యి విరిగిన నోరోవ్ తాత.
ముందు లారీ.
"తాతా, దారి ఎలా ఉంది?"
ఆయన తీరిగ్గా మెడ చాచి చాలాసేపు చూశాడు.
"బాగుంది. ఆ వాలులో గడ్డి మొలకలేసింది.
మన గొర్రెల్ని ఇటు తోలుకు రావాలి."

జపాన్ ఆవిడ మళ్ళీ కార్డు అడిగింది.
లారీ వెనకే దుమ్ము తింటూ
ఆ వాలు దాటేదాకా వెళ్ళాం,
నేను కూడా గడ్డి వైపు చూస్తూ.