ఇరవై ఒకటో మాడ్యూల్

సాయంత్రానికే దిగిపోదామని ఎక్కాను.
కనుమ మూసుకుపోయింది. ఇది నాలుగో రోజు.
వాతావరణ కేంద్రంలో ఒక పొయ్యి, ఒక ఒంటిచెవి పిల్లి,
పరిశీలకురాలు సైరాకన్,
నరీన్ నుంచి గుర్రం మీద కట్టి తెచ్చిన కంప్యూటర్,
దాన్ని తెచ్చినందుకు తిట్టుకుంటున్న నేను.

మోడెం గీపెడుతుంది, గొంతు సవరించుకుంటుంది,
పట్నం మోడెం ఊఁ కొడుతుంది.
హమ్మయ్య అనేలోపు
నల్లటి తెర మీద తెల్లటి ఫిర్యాదు:
కెర్నెల్. మాడ్యూల్ కనబడలేదు. పీపీపీ కంప్రెస్ ఇరవై ఒకటి.
మళ్ళీ అదే. దాని కింద ఇరవై ఆరు. మళ్ళీ ఇరవై ఒకటి.
ఆ తర్వాత తెగిన లైను, ఈల.

"ఎవరీ కెర్నెల్?" అంది.
టెంక పగలగొడితే లోపలుండే పప్పు, అన్నాను.
బాత్కెన్‌లో చెల్లెలు పంపిన ఆప్రికాట్ టెంకల్ని
అప్పుడామె సుత్తితో కొడుతోంది.
ఒక పప్పు నోట్లో వేసుకుని, మొహం చిట్లించి,
"నీది చేదు రకం" అంది.

మూడు రాత్రులు ఆ సందేశాల వెంటే పడ్డాను.
అరిచేవాడే దొంగ అనుకునే బుద్ధి నాది.
ఇరవై ఆరుకి ఒక పేరుంది, ఫైల్లో ఒక వరుస రాశాను:
ఈ అంకె పిలిస్తే ఈ పేరుగలవాడు పలకాలి.
పలికాడు.
ఇరవై ఒకటికీ పేరుంది. మనిషే లేడు,
ఈ కెర్నెల్ కట్టినవాళ్ళు వాణ్ణి కట్టనేలేదు.
లైను మాత్రం తెగుతూనే ఉంది.

నాలుగో పొద్దున ఆమె తన లెక్కల పుస్తకం నా ముందు పడేసింది.
గంట గంటకీ గాలి, దాని పక్కన పెన్సిలుతో
నా లైను తెగిన వేళలు.
నేను తిట్టిన ప్రతిసారీ రాసిందట.
"పడమటి గాలికే తెగుతోంది చూడు."
కిటికీ బయట, చూరు కింద, తీగ అతుకు
గాలికి ఊగి ఊగి తోలు ఊడి
రాగి రాగిని తాకీ తాకనట్టు ఉంది.
నిచ్చెన ఆమె పట్టుకుంది. వేళ్ళు నావి గడ్డకట్టాయి.

పాపం కెర్నెల్! ఒక్క అబద్ధమూ ఆడలేదు.
లేనిదాన్ని లేదంది, అంతే.
చివరి వరుస రాశాను: ఇరవై ఒకటి, ఆఫ్.
"అంటే?"
అది లేదు, ఇక వెతకొద్దు, అని.
"ఒక్క ముక్కతోనా?" అంది.
పిల్లిని ఒళ్ళోంచి దించింది.

వాడుకరి పేరు అడిగాను.
కిదిరాలి, అంది.
రెండు చలికాలాల కిందట మంచుపెళ్ళ కింద పోయిన మొగుడు.
పట్నంలో హాజరు పిలిచే ఆవిడ ఇంకా పాత కాగితమే చదువుతుంది:
"కిదిరాలి?"
"ఉన్నాను" అంటుంది సైరాకన్, రోజుకి ఎనిమిదిసార్లు.
"వాళ్ళకి అలవాటు. ఆ పేరే పెట్టు. పిలిస్తే నేను పలుకుతా."

ఫైల్లో నేను రాసిందీ అదే కదా.
మాట్లాడకుండా ఆ పేరు కొట్టాను.

తొమ్మిది గంటలకి మోడెం గీపెట్టింది. తెర మీద ఏమీ రాలేదు.
ఆమె రెండు వేళ్ళతో, మీటలు వెతుక్కుంటూ:
మైనస్ ముప్పై ఒకటి. పడమటి గాలి.
మంచు అరవై నాలుగు సెంటీమీటర్లు.
కనుమ మూసే ఉంది.