ఊదు

డిపోలో పొద్దున నాలుగున్నరకి
తెల్ల గొట్టం నోటి ముందర పెట్టి
"ఊదు" అనె సెక్యూరిటీ పిల్లోడు.
నా కొడుకు వయసుంటాది.
రాత్రిదే, పొద్దున ముట్టలేదు అని చెప్తి.
మిషనుకి రాత్రీ పొద్దూ తెలీదు.
ఆ దినం కళ్యాణదుర్గం బస్సు
ఇంగొకని చేతిలో పోయె.
గోడకానుకొని చూస్తాంటి,
గేటు దగ్గర గేరు మార్చేటప్పుడు అది మూలిగితే
ఇక్కడ నా ఎడమకాలు నేలను తొక్కె.

పెద్దాసుపత్రిలో నర్సమ్మ
ఓపీ చీటీ తిప్పి వెనకపక్క రాసిచ్చింది:
బుధవారం, సాయంత్రం ఏడు.
మున్సిపల్ బడి. మేడమీద. నీలం గేటు.
"నీలాంటోళ్లే ఉంటారన్నా, పో" అనింది.
నాలాంటోళ్లు యాడుంటారో
ఆమెకంటే నాకే బాగా తెలుసు.

ఇరవై రెండేండ్లు ఈ జిల్లా రోడ్లు తిరిగినోణ్ణి.
అనంతపురంలో ప్రతి మలుపూ నాకు
ఒక బ్రాందీషాపు గుర్తుతోనే తెలుసు.
టవర్ క్లాక్ అంటే దాని ఎనక సందు,
పాతూరు అంటే అరువిచ్చే నాగభూషణం,
రైలు గేటు అంటే, గేటు పడి లేచేలోపల
ఒక క్వార్టరు.
నీలం గేటు మాత్రం ఏ రూటులోనూ తగల్లేదు.

అడుగుదామంటే నోరు రాదు.
తాగుబోతుల మీటింగు యాడప్పా అని
ఎట్లడిగేది?
జిరాక్సు అంగట్లో "బడి యాడుంది" అంటి.
"అడ్మిషనా, టీసీనా?" అనె.
"ఆ" అంటి. దేనికో నాకే తెలీదు.
"ఎన్నో క్లాసు?"
ఒకటి అనబోయి ఊరకుంటి.

కనుక్కొని పోతే గేటుకు బీగం.
వాచ్‌మన్ ఎర్రిస్వామి శెనక్కాయలు ఒలుచుకుంటా
"ఈ పొద్దు మంగళవారం కదప్పా" అనె.
నిజమే.
దినామూ తాగేటోనికి
వారాల పేర్లతో పనేముంది?
అక్టోబరు రెండు ఒకటే తెలుసు నాకు,
దానికీ ముందురోజే సరుకు దాచిపెడితి.
ఆయప్ప నాలుగు కాయలు చేతిలో పోసి
"రేపు మాపటికి రా" అనె.
అవి నములుకుంటా నడిస్తి.
ఒక షాపు దాటితి, రెండోదీ దాటితి,
మూడోదాని సంగతి
ఇక్కడ చెప్పను.

బుధవారం.
గేటు ముందర మూడుసార్లు అటూ ఇటూ,
స్టాపు లేని చోట చెయ్యెత్తే ప్యాసింజరు మాదిరి.
పైన లైటు. మెట్ల పక్కన చెప్పులు.
పదకొండు జతలు లెక్కబెడితి,
ఒక జత ఆడమనిషివి.
అవి చూసి ఎక్కితి, ఎందుకో.

మూడో తరగతి గది.
బెంచీలు పొట్టివి, మోకాళ్లు ఎక్కడ పెట్టాలో తెలీలా.
నల్లబోర్డు మీద టీచరు రాసింది
చెరపకుండా అట్లే ఉండాది:
నమోదు 34. హాజరు 21.
ఆ తక్కిన పదమూడు మంది పిల్లోళ్లు
యాడికి పోయిండ్రో అని
మీటింగు సగం అదే ధ్యాస నాకు.
ఒకాయన గొంతు సర్దుకొని
కూతురి ఫీజు డబ్బుల గురించి చెప్పె.
అయిపోయినాక ఎవరూ బుద్ధి చెప్పలా,
అయ్యో అనలా.
నా వంతు వచ్చె.
"డ్రైవర్ని" అనబోయి ఆగి
"తిప్పేస్వామి" అంటి.
ఇంగ మాట రాలేదు.
ఫ్యాను తిరుగుతాండె.

ఖలందరన్న స్టీలు గ్లాసులో టీ తెచ్చి
"శానా వేడి సామీ, ఊదుకొని తాగు" అనె.
రెండు చేతులతో పట్టుకున్నా వణుకే.
ఊదితి.
మీగడ రోంత పక్కకు జరిగె.
ఎర్రలైటు ఏదీ వెలగలా.

ఇల్లు చేరేతలికి తొమ్మిదిన్నర.
సాకమ్మ తలుపు తీసి
ఎప్పటి మాదిరే ముక్కు దగ్గరికి తెచ్చె.
యాలకుల వాసన.
డ్యూటీకి ముందు కంపు తెలీకుండా
ఇన్నేండ్లూ నేను నమిలింది అవే.
ఆమె మొగం సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపాయ.
టీలోవి అంటే ఎవరు నమ్ముతారు?
జేబులో చీటీ తీస్తే
చెమటకు అచ్చరాలు కలిసిపోయి
బుధవారం ఒకటే మిగిలింది.

గడప బయటే నిలబడి
ఈసారి నేనే అడిగితి:
"ఊదమంటావా?"