నడిమి చుక్క

శాంటియాగోలో సాయంత్రం నాలుగున్నర.
కిటికీ అవతల ఆండీస్ మంచు గులాబీ రంగుకి తిరుగుతోంది.
గ్రిసెల్దా ఓయార్సూన్ దానికి వీపు పెట్టి కూర్చుంది,
ఆమె పనంతా పడమర.

పడమరంటే నీళ్ళు.
మూడువేల ఏడువందల కిలోమీటర్ల నీళ్ళ చివర
రాపా నుయి, ఒకే ఒక్క రన్‌వే.
దారిలో హువాన్ ఫెర్నాండెజ్ ఉంది గానీ
అక్కడి నేల చిన్న విమానానికే ఇరుకు.
ఇంకా ముందుకెళ్తే సాలా ఇ గోమెస్,
పక్షుల్ని తప్ప ఎవర్నీ కాలు మోపనివ్వని రాయి.
మ్యాపులో రెండూ ఉన్నాయి,
లెక్కలో రెండూ లేవు.

గీత గీయడం సులువు, నిన్న చేరిన కుర్రాడైనా గీస్తాడు.
కష్టమంతా దాని మీద ఒక చుక్క పెట్టడం.
అక్కడికి ముందు ఇంజను ఆగితే వెనక్కి,
అది దాటాక ఏం జరిగినా ముందుకే.
చుక్క సరిగ్గా సగంలో ఉంటుందనుకుంటారు.
ఉండదు. గాలి జరుపుతుంది దాన్ని.
ఎదురుగాలి ఎంత గట్టిగా కొడితే
వెనక్కి రావడం అంత తొందర,
చుక్క అంతంతగా దీవి వైపు జరుగుతుంది.
విడాకుల కాగితాల మీద సంతకం పెట్టిన ఏడాది
ఈ సంగతి గురించి చాలా ఆలోచించింది ఆమె,
ఎవరితోనూ అనలేదు.

ఆకాశంలో ఊరికే తిరగడానిక్కూడా ఇంధనం మొయ్యాలి.
రూలు చెప్పినదాని మీద ఇవాళ
మూడు టన్నులు ఎక్కువ రాసింది.
దీవి మీద మబ్బు కాస్త కిందికి దిగొచ్చన్న అనుమానం, అంతే.
మూడు టన్నులు ఎక్కాలంటే మూడు టన్నులు దిగాలి.
దిగినవి: బాత్రూం టైల్స్, రెండు ఫ్రిజ్‌లు,
ఎవరిదో పరుపు,
ఉల్లిపాయల బస్తాలన్నీ.

అవతల్నుంచి తెరై హావోఆ ఫోను.
"మళ్ళీ ఉల్లిపాయలేనా? ఇది మూడోవారం.
మా అమ్మ నిన్ను పేరు పెట్టి తిడుతోంది."
"ఇంకొంచెం గట్టిగా తిట్టమను. సంతకం పెట్టేశాను."

చుక్క దాటేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది.
మబ్బు రాలేదు.
పదీ యాభైకి మళ్ళీ తెరై, ఈసారి ఆయాసంతో:
రన్‌వే మధ్యలో గుర్రం.
దీవి గుర్రాలకి కంచెలంటే లెక్కలేదు,
హారన్ కొడితే పోతాయి.
ఇది పోదు. పడుకుని ఉంది.
ఈనుతోంది.
"ముందు కాళ్ళు రెండూ బయటికొచ్చాయి గ్రిసెల్దా,
ఇప్పుడు దాన్ని లాగలేం."

పైన రెండువందల ముప్ఫై మంది
చీకట్లో గుండ్రంగా తిరగసాగారు.
కొద్దిపాటి ఆలస్యమని చెప్పి ఉంటాడు కెప్టెన్.
కుర్రాడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.
ఆమె చెయ్యడానికి ఏమీ లేదు,
చెయ్యగలిగింది సాయంత్రమే చేసేసింది.
టైల్స్ కాలిపోయాయి.
ఒక ఫ్రిజ్, ఇంకో ఫ్రిజ్.
పరుపు పెద్ద బరువు కాదు, నిమిషం కూడా రాలేదు.
ఉల్లిపాయలు సగం కాలాక
తెరై, ఇద్దరు ఫైర్ మనుషులు
తడిపిల్లని దుప్పట్లో ఎత్తి ట్రక్కులో పెట్టారు.
తల్లి లేచి
ట్రక్కు వెనకాలే నడిచింది, తొందరేమీ లేకుండా.

ఉల్లి చేసిన మేలు తల్లి చేయదంటారు.
ఆ రాత్రి మేలు చేసింది
గోడౌన్లో మిగిలిపోయిన ఉల్లి.
తల్లి తన పని తను చూసుకుంది,
తలపైన ఎవరు తిరుగుతున్నారో తెలియకుండా.

మర్నాడు గాలి తగ్గింది.
చుక్క ఎనభై మైళ్ళు ఇటువైపు జరిగింది.
తెరై మెసేజ్ పెట్టింది:
పిల్లకి పేరు పెట్టేశారట, సెబోయా అని.
అంటే వాళ్ళ స్పానిష్‌లో ఉల్లిపాయ.
కింద ఇంకో ముక్క: "అసలైనవి ఎప్పుడు?"

గ్రిసెల్దా ఫారం తెరిచి బస్తాలు ఎక్కించింది.
లెక్క ఇంకా కాస్త మిగలలేదు.
పరుపు మళ్ళీ దించింది.
ఎవరో ఇంకో వారం
చాప మీద పడుకుంటారు.