పదహారు అంకెలు

జగదీశ్ మార్కెట్ల నా దుకాణం.
ఇద్దరు నిలబడితే మూడోవాని నీడకు జాగ ఉండదు.
ఎవని ఫోనైనా, ఏ కంపెనీ తాళమైనా
చాయ్ చల్లారేలోపు తీసి చేతిల పెడ్త.
మూడు వందలు. బేరమాడితే రెండున్నర.

లింబాద్రి సారు బేరమాడలే.
"రెండేండ్ల ఒప్పందం అయిపోయింది,
కిస్తులన్నీ కట్టిన.
ఇగ తాళం ఏసినోల్లే తియ్యాలె" అన్నడు.
తూనికలు కొలతల శాఖల ముప్పై మూడేండ్లు
బేగంబజార్ రాళ్లన్నీ ఎత్తి చూసిన మనిషి.
ముద్ర లేని కిలోను
కిలో అని పిలువడు.

"మరి నా దగ్గరికెందుకొచ్చినట్టు సార్?"
"లోపలి నంబరు, పదిహేను అంకెలది,
నాకు కండ్లు ఆనుతలేవు. చదివి పెట్టు."
చదివిన. రాసుకున్నడు,
ఏడుకు నడుమ అడ్డగీత గీసి,
ఎవ్వలూ దాన్ని ఒకటి అనుకోకుండ.

అమీర్‌పేట ఆఫీసుల టోకెన్ నూట నలభై.
ఆడ కూసున్న పిల్ల, "ఇక్కడ కాదంకుల్, మెయిల్ పెట్టండి" అన్నదంట.
పెట్టిండు.
అసలు బిల్లు పంపమన్నరు.
తీసి చూస్తే బిల్లు మీద అక్షరాలు ఎగిరిపోయినయి,
తారీఖు ఒక్కటి మిగిలింది, అది గూడ సగం.

"సార్, ఇటియ్యుండ్రి, ఒక్క కేబుల్ పెడ్త..."
"నీ తాళంచెవి మంచిదే బిడ్డా.
కని అది ఏ తాళానికైనా పడ్తది,
గదే నాకు భయం."

కార్వాన్‌ల ఆయన అర్ర మెట్ల కింద.
ఆ కంపెనీ సిగ్నల్ అంత లోపటికి దిగదు.
మాట్లాడాలంటే మిద్దెక్కాలె, మోకాళ్లు ఒప్పుకోవు.
అయినా ఎక్కిండు, దినాం,
ఆరేసిన చీరల నడుమ నిలబడి
కస్టమర్ కేర్ సంగీతం వినుకుంట.
"ఆ రాగం నాకిప్పుడు నోటికొస్తది" అన్నడోసారి,
కూనిరాగం తీసి చూపెట్టిండు గూడ.

పక్క దుకాణం గఫార్‌కు పొద్దుగాల అదే మాట:
"బుడ్ఢే సాబ్ కా నంబర్ ఆయా క్యా?"
నేను గెలువాల్నా, ఆయన గెలువాల్నా,
నాకే తెలుస్తలేకపాయె.

ఇరవై ఏడోనాడు వాన.
షట్టర్ సగం దించిన.
కింద నుంచి తడిసిన చెప్పులు కనబడ్డయి,
మోకాళ్లదాక మడిచిన ప్యాంటు.
వొంగి లోపటికొచ్చిండు, ప్లాస్టిక్ కవర్ల కాగితంతోని.

వేరే కంపెనీ సిమ్ము ఏసిన.
నేను నొక్కబోతే చెయ్యి పట్టిండు.
"నువ్వు చదువు. నేను నొక్కుత."
ఒక్కో అంకెకు ఆగుడు,
ముల్లు నిలబడేదాక తక్కెడను చూసినట్టు చూసుడు,
అప్పుడు "ఊఁ" అనుడు.
పదకొండో అంకె కాడ కరెంటు పోయింది.
చీకట్ల ఆయన తెల్లగడ్డం,
దాని మీద తెర వెలుగు.
"ఆపకు" అన్నడు.

తాళం తీసిన చప్పుడేం రాలే.
మూలకు ఒక గీత, పక్కన ఇంకోటి,
చానాసేపటికి మూడోది.

"ఎవలకు చేస్తరు సార్ మొదటి ఫోను?"
ఎవలి పేరూ చెప్పలే.
నా బోర్డు మీది నంబరు చూసుకుంట నొక్కిండు.
నా జేబు మోగింది.
"హలో. ఇనబడుతుందా?"
రెండడుగుల దూరంల, గోడ దిక్కు తిరిగి.
ఒకసారి నోట్లెకెల్లి విన్న,
జరసేపాగి చెవుల విన్న.
"ఇనబడ్తుంది సార్" అన్న, నేనూ గోడ దిక్కు తిరిగి.

"ఎంతయింది?" అన్నడు, ఫోన్లనే.
"నేనేం తియ్యలే గద సార్."
"రెండుసార్లు చదివినవ్. రసీదు రాయి."

ఈ దుకాణంల రసీదు బుక్కు ఎన్నడు లేదు.
ఛార్జర్ డబ్బా మూత చింపిన,
చీకట్ల పెన్ను దేవులాడుతున్న,
ఫోన్లు ఇంక చెవులకే ఉన్నయి
ఇద్దరియి.